అటక మీద గుమ్మడికాయలు

"ఇందులో కథేముందండీ? అంతా వంటిల్లే!" అంటూ పక్కింటావిడ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టేశారు. వారం రోజుల క్రితం నేనే, చాలా బాగుంటుంది చదవండంటూ బలవంతాన ఇచ్చాను. "పొద్దున్నించీ చేసేది చాలక, మధ్యాన్నం కాస్త నడుం వాల్చి చదువుకునే దాంట్లో కూడా ఊరబెట్టడాలూ, ఎండబెట్టడాలేనా?" అని నవ్వేసి వెళ్ళిపోయారు.

ఆవిడన్న మాటలో నిజం లేకపోలేదు. అందుకే నాలుగు రోజులపాటు అది నన్ను వదల్లేదు. పుస్తకం మళ్ళీ మొదటినించీ చదివాను. దాంతో ఊరుకోక, అదే రచయిత్రివి ఇంకో రెండు పుస్తకాలు కూడా బయటికి తీశాను. చదివాక తేలిందేమిటంటే, పక్కింటావిడ సగం పొరపాటు పడ్డారు, సగం సరిగ్గానే పట్టుకున్నారు. ఆ రెండు సగాల గురించే ఈ నాలుగు మాటలూ.

పుస్తకం పేరు 'లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్'. పెద్ద అడవిలో చిన్న ఇల్లు అన్నమాట. రాసినావిడ లారా ఇంగల్స్ వైల్డర్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో, పెపిన్ అనే సరస్సుకి దగ్గర్లో 1867లో పుట్టింది. ఈ పుస్తకం అచ్చయింది 1932లో. అంటే అప్పటికావిడకి 65 ఏళ్ళు! మనలో చాలామంది ఇక రామా కృష్ణా అనుకుంటూ కూర్చుంటే చాలుననుకునే వయసులో మొట్టమొదటి పుస్తకం అచ్చు వేయించుకుంది. అందులో చెప్పిందంతా తన చిన్నతనం సంగతే. దుంగలతో కట్టిన ఇల్లు, అమ్మ, నాన్న, అక్క మేరీ, తను, ఒళ్ళో పాప కేరీ. చుట్టూ అడవి. ముఖ్యంగా వీళ్ళే పాత్రలు.

కథ మొదలవడమే చలికాలానికి సన్నాహాలతో మొదలవుతుంది. ఇక్కడ మనం ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మనకి చలికాలమంటే కష్టకాలం కాదు. ధాన్యం ఇంటికొస్తుంది, కూరలు చవకౌతాయి, సంక్రాంతి వస్తుంది. మనం భయపడి ముందుజాగ్రత్త పడేది వానాకాలానికి. రోహిణి ఎండల్లోనే ఊరగాయలు పెట్టుకోవడం, ఒడియాలు ఆరబెట్టుకోవడం, కారం కొట్టించుకోవడం, పల్లెల్లో అయితే కట్టెలూ పిడకలూ తడవకుండా లోపల సర్దుకోవడం, అన్నీ అందుకే. వాళ్ళకి చలికాలమంటే మన వానాకాలం నాలుగింతలు. నెలల తరబడి మంచు. నేలమీద పచ్చనాకు కనపడదు. దుకాణానికి వెళ్దామంటే ఊరు మైళ్ళ దూరాన వుంది. ఆకులు రాలే రోజుల్లో ఇంట్లోకి ఏది చేరిందో, మళ్ళీ చిగుళ్ళు వేసేదాకా తినడానికి వుండేది అదే.

ఇక సన్నాహాలు చూడండి. నాన్న దుప్పిని కొట్టి తెస్తాడు. ఆ మాంసానికి ఉప్పు పట్టించి, బోలుగా వున్న చెట్టు మొద్దు ఒకటి నిలబెట్టి, దానికో చిన్న తలుపూ పైకప్పూ పెట్టి, లోపల మేకులకి ఆ ముక్కలు వేలాడదీసి, కింద పచ్చి హికరీ చెక్కముక్కలతో రోజుల తరబడి పొగబెడతాడు. సరస్సులో పట్టిన చేపలు ఉప్పేసి పీపాలో పెడతాడు. పందిని కోసే రోజు కూడా వుంది. అవి చదవలేనివాళ్ళు రెండు పేజీలు తిప్పెయ్యండి, తప్పేంలేదు. కథలో లారాయే దాని అరుపు వినలేక పక్కమీద పడి చెవులు మూసుకుంటుంది. బంగాళాదుంపలూ, క్యారెట్లూ, బీట్‌రూట్లూ, క్యాబేజీలూ నేలమాళిగలోకి దిగుతాయి. ఉల్లిపాయల్ని కాడలతో జడలల్లినట్టు అల్లి అటకమీద వేలాడదీస్తారు. పక్కనే ఎర్ర మిరపకాయల దండలు. మూలల్లో గుమ్మడికాయలు గుట్టలుగా, నారింజరంగువీ, పసుపువీ, ఆకుపచ్చవీ. సామానుల గదిలో అలమారు నిండా జున్నుగడ్డలు.

బయట గాలి ఊళలు పెడుతుంటే అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ అటకమీదే ఆడుకుంటారు. గుమ్మడికాయలే వాళ్ళకి కుర్చీలూ బల్లలూ.

పక్కింటావిడకి ఇదంతా వంటిల్లుగా కనిపించింది. కాని ఒక్కసారి ఆలోచించండి. మామూలు కథలో విలనుంటాడు. ఈ కథలో విలను ఆకలి. పుస్తకం పొడుగునా ఎక్కడా లోపలికి రాడు, గుమ్మం బయటే నిలబడి వుంటాడు. ఒక్కో పీపా నిండుతున్నప్పుడల్లా, ఒక్కో జడ అటకెక్కుతున్నప్పుడల్లా వాడు ఒక్కో అడుగు వెనక్కి వేస్తాడు. పిల్లలకి వాడు కనిపించడు. పెద్దవాళ్ళు కనిపించనివ్వరు. పిల్లలు భయమన్నది తెలియకుండా గుమ్మడికాయమీద కూర్చుని ఆడుకోగలిగారంటే, ఆ వెనక నాలుగు నెలల చాకిరీ వుంది. ఆ చాకిరీని వరసతప్పకుండా, చదివినవాళ్ళు రేపు పొద్దున్న తామే చేసుకోగలిగేటంత వివరంగా చెప్పడమే రచయిత్రి ప్రతిభ. ఎక్కడా "ఎంత కష్టపడ్డారో పాపం" అనదు. చేసింది చెబుతుంది. ఎంత కష్టమో మనకే తెలుస్తుంది.

ఇది అచ్చయిన కాలం కూడా చూడాలి. 1932 అంటే అమెరికాలో ఘోరమైన ఆర్థికమాంద్యం రోజులు. బ్యాంకులు మూతపడి, కూడబెట్టుకున్న డబ్బు పోగొట్టుకుని, ఉద్యోగాలు లేక జనం అల్లాడుతున్న సమయం. అలాంటప్పుడు నిండిన అటక గురించి చదవడమంటే ఎంత ఊరటగా వుండివుంటుందో ఊహించుకోవచ్చు. బ్యాంకులో వేసింది పోవచ్చుగానీ నేలమాళిగలో వేసింది ఎక్కడికి పోతుందనిపించి వుంటుంది. అంచేత కథ లేదన్న మాట నేనొప్పుకోను.

ఇక ఆవిడ సరిగ్గా పట్టుకున్న సగం. "అంతా వంటిల్లే" అన్నారు చూశారా, ఆ వంటిల్లు చేసే మనిషి ఏదీ? ఇదీ నా ప్రశ్న.

ఈ పుస్తకంలో నాన్న మాట్లాడతాడు. సాయంత్రమయితే పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని తాతముత్తాతల సాహసాలు చెబుతాడు. ఫిడేలు వాయిస్తాడు, పాడతాడు, అల్లరి చేస్తాడు. పుస్తకం ముగిసేసరికి ఆయన మనకి బాగా తెలిసిన మనిషైపోతాడు. మరి అమ్మ? అమ్మ చేతులు మనకి బాగా తెలుస్తాయి. చలికాలంలో వెన్న తెల్లగా పాలిపోయినట్టుంటుందని, మేకుతో చిల్లులు పొడిచిన రేకుమీద క్యారెట్ కోరి, పాలల్లో కాచి, ఆ రసం కలిపి వెన్నకి పసుపురంగు తెస్తుంది. ఆ వెన్నని ఆకులతో వున్న స్ట్రాబెర్రీ పండు చెక్కిన అచ్చులో వేసి తీస్తుంది. అడవి మధ్యలో వెన్నకి రంగూ అందమూ ఎందుకు? అవి లేకపోతే ఆ ఇల్లాలికి తోచదు కనక. మనలో ఎవరికి అర్థంకాదు ఇది? కాని ఆ మాట రచయిత్రి చెప్పదు, అమ్మ చేతా చెప్పించదు. రంగు ఎలా వచ్చిందో చెబుతుంది, ఎందుకు కావలసివచ్చిందో చెప్పదు.

అమ్మకంటూ ఒకే ఒక్క సాహసం వుంది. నాన్న ఊళ్ళో లేని రాత్రి, కంచె దగ్గర నల్లగా నిలబడ్డది తమ ఆవే అనుకుని, అడ్డుతప్పుకోమని చేత్తో ఒక్కటి చరుస్తుంది. తీరా చూస్తే అది ఎలుగుబంటి! నాన్నకే గనక అది జరిగివుంటే ఫిడేలు పక్కన పెట్టి మరీ చెప్పుకునేవాడు. అమ్మ మాత్రం దీపం పట్టుకొచ్చిన లారాని చంకనెత్తుకుని లోపలికి పరిగెత్తింది, అంతే.

ఇదే రచయిత్రి 1933లో 'ఫార్మర్ బాయ్' అని ఇంకో పుస్తకం రాసింది. అది తన భర్త అల్మాంజో చిన్నతనం, న్యూయార్క్ రాష్ట్రంలో కలిగిన రైతుకుటుంబం కథ. అక్కడా సన్నాహాలే. అయితే అక్కడో విశేషముంది. ఆ ఇంటి తల్లి ఏడాదంతా తీసి దాచిన 500 పౌన్ల వెన్నని నగరంనించి వచ్చిన వర్తకుడు పౌను 50 సెంట్ల చొప్పున కొంటాడు. 250 డాలర్లు! ఇంటిల్లిపాదీ గర్వపడతారు. ఆ డబ్బు బ్యాంకుకి వెళుతుంది. వెన్న ఇద్దరు తల్లులూ తీశారు. ఒకావిడ వెన్నకి వెలకట్టారు కనక ఆవిడ పనికి పుస్తకంలో ఒక లెక్క దొరికింది. ఇంకోావిడ వెన్న పిల్లలు తినేశారు కనక లెక్కలోకి రాలేదు. రచయిత్రి ఈ పోలిక ఎక్కడా చెయ్యలేదు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్న మనకే అనిపిస్తుంది.

నేను తీసిన మూడో పుస్తకం 1940లో వచ్చిన 'ద లాంగ్ వింటర్'. నా ఉద్దేశంలో ఆవిడ పుస్తకాలన్నిట్లోకీ గట్టిది ఇదే. ఎందుకంటే ఇందులో సన్నాహాలు ఓడిపోతాయి.

అప్పటికి కుటుంబం డకోటా ప్రాంతంలో డి స్మెట్ అనే కొత్త ఊరికి చేరింది. ఇది 1880 - 81 నాటి సంగతి. మేరీకి కళ్ళు పోయాయి. లారాకి 13 ఏళ్ళు. మగపిల్లలు లేని ఇల్లు గనక నాన్నతో కలిసి గడ్డి కోతకి తనే వెళుతుంది. అక్కడ మస్క్‌రాట్ అని నీళ్ళలో గూడు కట్టుకునే ఎలుకజాతి ప్రాణి గూడు చూపించి, ఇంత మందం గోడలు నేనెప్పుడూ చూడలేదంటాడు నాన్న. దానికి తెలిసింది మనకి తెలియలేదు. పంట చేతికి రాకముందే మంచు పడి తోట మాడిపోతుంది. అమ్మ వదులుతుందా? పచ్చి టమాటాలు ఊరబెడుతుంది. పచ్చి గుమ్మడికాయతో తియ్యటి పై చేసి, ఆపిల్ పండుతో చేసిందేమోనని అందరూ భ్రమపడేట్టు చేస్తుంది. చేతిలో వున్నదాంతోనే నెట్టుకొచ్చే ఇల్లాలు ఎవరి ఊళ్ళోనైనా ఒక్కతే.

కాని ఎంత చేసినా చాలలేదు. అక్టోబరులోనే మంచుతుఫాను మొదలైంది. కుటుంబం పొలం వదిలి ఊళ్ళోకి మారింది. కొత్త ఏడాది వచ్చీరాగానే రైళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ రైలు ముఖం చూసింది మే నెలలో! బొగ్గు అయిపోయింది. గడ్డిని మెలిపెట్టి కట్టెల్లా చేసి పొయ్యిలో పెట్టారు. కిరసనాయిలు అయిపోయింది. ఒక బొత్తాన్ని గుడ్డపీలికలో చుట్టి ఒత్తి చేసి, బండి ఇరుసుకి పూసే కొవ్వులో ముంచి, సాసరులో దీపం పెట్టింది అమ్మ. పిండి అయిపోయింది. గోధుమల్ని కాఫీగింజల మరలో పోసి, వంతులు వేసుకుని పొద్దస్తమానం తిప్పారు. నాన్న వేళ్ళు చలికి బిగుసుకుపోయి ఫిడేలు పలకలేదు.

ఊరికి దూరంగా ఎవరో రైతు దగ్గర గోధుమలున్నాయని ఒక పుకారు. నిజమో కాదో తెలియదు. నాన్న తను వెళ్ళి తెస్తానంటాడు. అప్పుడు అమ్మ వద్దంటుంది. ఏనాడూ ఎదురుచెప్పని మనిషి, ఈసారి మాత్రం నా మాట వినాల్సిందేనని ఖండితంగా చెబుతుంది. అంతా నివ్వెరపోయి చూస్తారు. నాన్న మారుమాట్లాడకుండా ఊరుకుంటాడు.

ఇక్కడికొచ్చేసరికి నేను పుస్తకం మూసి కాసేపలా కూర్చుండిపోయాను. అటక నిండుగా వున్నన్నాళ్ళూ అమ్మకి గొంతు లేదు. వండడానికీ, ఊరబెట్టడానికీ, దాచడానికీ ఏమీ మిగలని నాడు, ఫిడేలు కూడా మూగపోయిన ఇంట్లో, ఆవిడ గొంతు మొదటిసారి వినబడింది. అన్నేళ్ళూ ఆ మాట ఆవిడ లోపలే వుంది. రచయిత్రి కావాలని ఇలా చేసిందో, అలా కుదిరిందో నేనెరగను. ఏమైనా ఆ ఒక్క "వద్దు" కోసం ఈ పుస్తకం చదవచ్చు.

ఆ తర్వాత గోధుమలు తెచ్చింది ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు. అందులో ఒకడు అల్మాంజో, తర్వాత లారాని పెళ్ళాడినవాడు. ప్రాణాలకి తెగించి తెచ్చిన గోధుమలవి. దుకాణదారు మాత్రం 1.25 డాలర్లకి కొన్న బుషెలు 3 డాలర్లంటాడు! ఊరంతా నిలదీస్తే కొన్న ధరకే ఇస్తాడు. చూశారా, చివరికి కాపాడింది ఎవరింటి అటకా కాదు. పక్కవాళ్ళ సాహసం, ఊరి కట్టుబాటు, ఆ తర్వాత రైలు. కాని ఈ పుస్తకాలు చదివి చాలామంది నేర్చుకునే నీతి మాత్రం, మన కాళ్ళమీద మనం నిలబడితే చాలు, ఎవరూ అక్కర్లేదన్నది. రచయిత్రి కూడా కొంత అలాగే మొగ్గింది. ఆవిడ రాతప్రతుల్ని దిద్దిన కూతురు రోజ్ వైల్డర్ లేన్ పేరున్న రచయిత్రి. ఎవరి బతుకు వాళ్ళే చూసుకోవాలన్నది ఆ కూతురి గట్టి నమ్మకం.

ఆ మొగ్గు ఎంతదాకా పోయిందంటే, నిజంగా ఆ ఇంట్లో వున్న మనుషుల్నే కథలోంచి తీసేసేదాకా పోయింది. లారా మొదట రాసుకున్న స్వీయచరిత్ర 'పయొనీర్ గర్ల్' ఆవిడ పోయిన ఎన్నో ఏళ్ళకి, 2014లో అచ్చయింది. అది చూస్తే తెలిసింది, ఆ చలికాలమంతా వాళ్ళ ఇంట్లో ఇంకో యువదంపతులు కూడా వున్నారని, వాళ్ళకో పసిబిడ్డ కూడా వుందని! ఆ మొగుడు పనికి వంగేవాడు కాడనీ, తిండికి మాత్రం ముందుండేవాడనీ ఆవిడకి ఒళ్ళుమంట. చుట్టాలు నెలలకొద్దీ తిష్టవేస్తే ఎలావుంటుందో తెలిసినవాళ్ళం, ఆ మంట మనకి అర్థమౌతుంది. కాని ఆ మొగుడితోపాటు, పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఆ చలిలో పరాయింట గడిపిన తల్లి కూడా కథలోంచి మాయమైపోయింది. వాళ్ళుంటే "మా ఇల్లు, మా కష్టం, మా గెలుపు" అన్న బొమ్మ చెదురుతుంది కాబోలు. నాకైతే వాళ్ళుంటేనే కథ ఇంకా గొప్పదయ్యేది. ఉన్న కాసిని గోధుమలూ ఆరుగురు పంచుకోవడం ఒక కథ. ఇష్టంలేని మనిషికి కూడా వడ్డించిన అమ్మ కథ ఇంకోటి. అది మనకి దక్కలేదు.

ఇంకో మనిషి వున్నాడు. అక్టోబరు తుఫాను వెలిశాక, ఊరి దుకాణంలోకి ఒక ముసలి ఇండియన్ వచ్చి, ఈసారి ఏడు నెలలు మంచుతుఫానులే అని తెల్లవాళ్ళని హెచ్చరించి వెళతాడు. ఆ మాట విని నాన్న కుటుంబాన్ని ఊళ్ళోకి మార్చకపోతే ఏమయ్యేవాళ్ళో! ఈ కథలో అందరికంటే విలువైన సన్నాహం ఆ ఒక్క మాటే. చెప్పినవాడికి పేరు లేదు, వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడించారు, మళ్ళీ కనపడడు. ఆ ప్రాంతం పేరు వచ్చిందే అక్కడి డకోటా జాతివాళ్ళ పేరుమీద. వాళ్ళ నేలమీద వాళ్ళ మాటతోనే బతికి, వాళ్ళని మాత్రం కథ అంచుకి నెట్టేశారు. ఇలాంటివాటి గురించి అమెరికాలోనే పెద్ద చర్చ జరిగింది. 1954నించీ ఈవిడ పేరుమీద ఇస్తూ వచ్చిన బాలసాహిత్య పురస్కారం పేరు 2018లో మార్చేశారు కూడా. పేరు తియ్యడం సబబా కాదా అన్న తగువులోకి నేను పోను. పుస్తకం పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు ఆ ముసలాయన సంగతి పక్కన కూర్చుని చెప్పడం మాత్రం పెద్దవాళ్ళ పని. చలికాలం గురించి ముందే చెప్పినట్టే ఇదీనూ.

ఇన్ని తప్పులెంచి, పుస్తకం చదవద్దంటానేమో అనుకునేరు. చదవండి. పిల్లలచేత చదివించండి. నిండిన అటక ఎంత అందంగా వుంటుందో ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళని నేను చదవలేదు. చదువుతున్నప్పుడు ఒక్క పని చెయ్యండి. నాన్న ఫిడేలు వింటూనే, అమ్మ వైపు కూడా ఓ చూపు వెయ్యండి. ఆవిడేమనుకుంటోందో పుస్తకంలో లేదు. మీకు తెలుసు.

నిన్న పక్కింటావిడ ఒడియాలు పెట్టుకుంటూ మేడమీద కనిపించారు. 'ద లాంగ్ వింటర్' చేతికిచ్చి, ఇందులో వంటిల్లు ఖాళీ అయిపోతుందండీ, చదవండి అన్నాను. "ఖాళీయా? మరి ఆవిడేం చేసింది?" అన్నారు చప్పున, చేతికంటిన పిండి తుడుచుకుంటూ.

కథేముందన్న మనిషి, తర్వాతేమయిందని అడిగారు. నేనేం చెప్పలేదు. పుస్తకం అక్కడ పెట్టి వచ్చేశాను.